ఆవేశనం: పలనాటి శిల్పుల పనిచోటు – పద, శాసన సాక్ష్యాలు

వ్యాససంగ్రహం

పలనాటి సున్నపురాతి శిల్పం గురించి, దానిని చేయించిన దాతల గురించి విస్తృతంగా పరిశోధన జరిగింది. ఆ శిల్పులు కూర్చుని పనిచేసిన చోటు గురించి జరిగిన చర్చ తక్కువ. 'ఆవేశనం' అనే సంస్కృత పదాన్ని, దాని నుండి ఏర్పడిన 'ఆవేసని' అనే ప్రాకృత శాసన పదాన్ని ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం ఆ పనిచోటును పరిశీలిస్తుంది. నాగార్జునకొండ, జగ్గయ్యపేట, సాంచీ శాసనాలను, అర్థశాస్త్రంలోని అక్షశాల వర్ణనను, 19వ శతాబ్దపు న్యూయార్క్ చిత్రకారుల భవనాన్ని పోల్చి చూస్తుంది. పలనాటిలో శిల్పుల పనిచోటు కట్టడంగా కంటే పదంగా, బిరుదంగా, వ్యక్తినామంగా నిలిచి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆవేశనం, ఆవేసని, సేలవఢకి, విధికుడు, అక్షశాల, విజయపురి, నాగార్జునకొండ, దుర్గి.

1. ఉపోద్ఘాతం

పలనాడు అనగానే సాహిత్య విద్యార్థికి వీరగాథ గుర్తుకువస్తుంది. చరిత్ర విద్యార్థికి ఇక్ష్వాకుల విజయపురి గుర్తుకువస్తుంది. మాచర్ల సమీపాన కృష్ణాతీరంలోని ఆ లోయ క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలతో, దేవాలయాలతో, కోటతో, రంగస్థలంతో విలసిల్లింది. అక్కడి ఫలకాలలోని ప్రతి ముడుపూ, ప్రతి భంగిమా కళాచరిత్రకారుల పరిశీలనకు వచ్చింది. అయితే ఆ ఫలకం ఎక్కడ చెక్కబడింది? రాయి ఏ నీడన నిలిచింది? ఉలి ఎక్కడ పదునెక్కింది? శిష్యుడు గురువు చేతిని ఎక్కడ కూర్చుని గమనించాడు?

పాశ్చాత్య కళాచరిత్రలో ఇటువంటి ప్రశ్నలకు కట్టడాలే సమాధానం చెబుతాయి. పికాసో 1907లో తన ప్రసిద్ధ చిత్రాన్ని గీసిన మోంమార్త్రెలోని 'బతో లవ్వార్' అనే పాత చెక్క కట్టడం 1970లో కాలిపోయినా దాని స్థలం ఇప్పటికీ దర్శనీయమే. పారిస్‌లోనే 1902లో మొదలైన 'లా రూష్' అనే చిత్రకారుల నివాసం కూల్చివేత ప్రమాదం నుండి బయటపడి నేటికీ నిలిచి ఉంది. మనకు అటువంటి భవనం లేదని చెప్పి ఊరుకోవడం తేలిక. అటువంటి భవనానికి మన భాషలలో ఒక పేరు ఉండేదనీ, ఆ పేరు శాసనాలకు ఎక్కిందనీ గుర్తిస్తే పరిశోధనకు మరొక దారి తెరుచుకుంటుంది.

2. పదం: ఆవేశనం నుండి ఆవేసని

'ఆవేశనం' అంటే శిల్పిశాల అని అమరకోశం పురవర్గంలో చెబుతుంది. గురుబాలప్రబోధిక వంటి టీకల ద్వారా అమరాన్ని చదువుకున్న తెలుగు పండితులకు ఈ అర్థం అపరిచితం కాదు. ఆధునిక తెలుగులో మాత్రం 'ఆవేశం' నిలిచింది, 'ఆవేశనం' నిలవలేదు. రెండింటికీ మూలం 'విశ్' ధాతువే. ప్రవేశించడం దాని అర్థం. ప్రవేశం, నివేశనం అనే పదాలు కూడా ఆ కుటుంబానివే. మనిషిలోకి ఏదో ప్రవేశిస్తే ఆవేశం. మనిషి పనికోసం ప్రవేశించే చోటు ఆవేశనం. కళను గురించి మాట్లాడేటప్పుడు మొదటి పదాన్ని మనం విరివిగా వాడుతున్నాం. రెండవ పదాన్ని నిఘంటువుకే వదిలిపెట్టాం. కళ ఆవేశం వల్ల పుడుతుందనే నమ్మకం బలపడి, అది ఒక చోట, పనిముట్ల నడుమ, నలుగురి శ్రమతో పుడుతుందనే ఎరుక పలచబడటానికి ఈ పదచరిత్ర ఒక సూచిక.

ఆవేశనానికి చెందినవాడు ప్రాకృతంలో 'ఆవేసని'. ఆంగ్లానువాదాలలో దీనిని ఒకచోట శిల్పి అనీ, మరొకచోట శిల్పుల పెద్ద అనీ అనువదించారు. రెండు అనువాదాలలోనూ 'చోటు' అనే అంశం జారిపోయింది. ఇతడు చేసే పనిని బట్టి కాక, పని జరిగే చోటును బట్టి పేరు పొందినవాడు.

ఇటువంటి పదనిర్మాణం ఇదొక్కటే కాదు. బంగారుపని జరిగే శాలకు సంస్కృతంలో 'అక్షశాల' అని పేరు. దాని నుండి వచ్చినవే తెలుగులోని 'అక్కసాలె', 'అగసాలె'. ఇవి శాలను కాక స్వర్ణకారుణ్ణి సూచిస్తాయి. అలాగే 'కమ్మటం' అంటే లోహాన్ని కరిగించే కొలిమి, నాణేలు ముద్రించే చోటు. అక్కడ పనిచేసేవాడు 'కమ్మటీడు'. చోటు పేరు మనిషి పేరుగా మారడం మన వృత్తిపదాలలో ఒక బలమైన ధోరణి. శాల కూలిపోయినా దాని పేరును మనిషి మోస్తూ వచ్చాడు. కనుక పనిచోటు చరిత్రను రాయదలచినవారు పునాదులతో పాటు వృత్తినామాలను కూడా తవ్వవలసి ఉంటుంది.

3. శాసనాలలో ముగ్గురు శిల్పులు

3.1 సాంచీ: ఆనందుడు

సాంచీ మహాస్తూపం దక్షిణ తోరణం పై అడ్డుదూలం మీద ఒక దానశాసనం ఉంది. రాజు సిరి సాతకణి ఆవేసని, వాసిష్ఠీపుత్రుడు అయిన ఆనందుడు దాత అని అది చెబుతుంది. ఇక్కడ ఆవేసనికి విశేషణం రాజు పేరు. కాబట్టి ఈ ఆవేశనం రాజాశ్రయంలో ఉన్నదని భావించవచ్చు. శాతవాహన రాజు పేరుతో ముడిపడిన ఈ శాసనం తెలుగు ప్రాంత శిల్పచరిత్రకు దూరమైనది కాదు. 'ఆవేసని' ఒక గౌరవ పదమనీ, శిల్పి తోరణం మీద తన పేరు చెక్కించుకోగల స్థాయిలో ఉండేవాడనీ దీని వల్ల తెలుస్తుంది.

3.2 జగ్గయ్యపేట: సిద్ధార్థుడు

పలనాటి సీమకు కృష్ణ ఆవలి గట్టున ఉన్న జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడి ఆయక స్తంభాల శాసనం ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానిది. కమ్మకరఠంలోని నడతూరు గ్రామానికి చెందిన ఆవేసని నాకచందుని కుమారుడు, మహాకాడురూరు నివాసి అయిన ఆవేసని సిద్ధార్థుడు వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలను నిలిపాడని ఆ శాసనం తెలుపుతుంది. తన కుటుంబ సభ్యులను కూడా అతడు ఆ పుణ్యంలో భాగస్వాములను చేశాడు.

ఈ చిన్న శాసనంలో నాలుగు విషయాలు గమనింపదగినవి. మొదటిది, తండ్రీ కొడుకులిద్దరూ ఆవేసనులే. బిరుదం వంశంలో కొనసాగింది. రెండవది, తండ్రి ఊరు ఒకటి, కొడుకు నివాసం ఒకటి, దానం చేసిన చోటు మరొకటి. శిల్పి కుటుంబం పనిని అనుసరించి కదిలి ఉంటుందని ఊహించడానికి ఇది తావిస్తుంది. మూడవది, ఇక్కడ ఆవేసనికి ముందు రాజు పేరు లేదు. రాజు పేరు కాలాన్ని చెప్పడానికి వచ్చిందే తప్ప యజమానిని చెప్పడానికి రాలేదు. నాలుగవది, స్తంభాలను చెక్కగలవాడే వాటిని దానం చేయగలవాడు కూడా అయ్యాడు. శిల్పిని కూలివానిగా మాత్రమే ఊహించే అలవాటును ఈ శాసనం సరిదిద్దుతుంది.

3.3 నాగార్జునకొండ: విధికుడు

మూడవ సాక్ష్యం పలనాటి గడ్డ మీదిదే. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చుల్లధమ్మగిరి మీద తామ్రపర్ణీయ ఆచార్యుల కోసం చైత్యగృహాన్ని కట్టించింది. ఆ శాసనంలో ఆమె తన ఇతర దానాలను కూడా వరుసగా పేర్కొన్నది. కులహవిహారంలో చైత్యగృహం, సిహళవిహారంలో బోధివృక్ష ప్రాసాదం, మహాధమ్మగిరిలో ఒక గది, దేవగిరిలో ధ్యానశాల, పువ్వసేలలో చెరువు, వరండా, మండపం, కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద రాతి మండపం, మరికొన్ని చోట్ల గదులు. ఈ నూతన నిర్మాణాన్ని చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు స్థవిరులు నవకర్మికులుగా పర్యవేక్షించారు. చివరగా ఒక చిన్న వాక్యం వస్తుంది. ఈ పని సేలవఢకి అయిన విధికునిది అని.

'సేల' అంటే రాయి. 'వఢకి' సంస్కృతంలోని 'వర్ధకి'కి ప్రాకృత రూపం. మన 'వడ్లంగి'తో దాని ధ్వనిసామ్యం చెవికి తెలుస్తూనే ఉంది. కొయ్యపని పదానికి ముందు రాయిని చేర్చి రాతిపనివానికి పేరు పెట్టారు. ఆ కాలపు రాతి నిర్మాణం కొయ్య నిర్మాణపు రూపాలను అనుసరించిందని కళాచరిత్రకారులు చెప్పే మాటకు ఈ పదం కూడా తోడు నిలుస్తుంది.

బోధిసిరి శాసనం ఒక విధంగా ఆనాటి కట్టడాల జాబితా. గది, శాల, మండపం, వరండా, చెరువు అన్నీ అందులో ఉన్నాయి. శిల్పి పేరు కూడా ఉంది. శిల్పి పనిచేసిన శాల మాత్రం లేదు. ఇది శాసన రచయిత పొరపాటు కాదు. దానశాసనం పుణ్యాన్ని లెక్కిస్తుంది. భిక్షువు ధ్యానించే గది పుణ్యహేతువు. శిల్పి చెమటోడ్చిన చోటు పుణ్యహేతువు కాదు, కనుక అది లెక్కకు రాలేదు. అందువల్ల శాసనంలో పనిచోటు కనిపించకపోవడం అది లేదనడానికి సాక్ష్యం కాజాలదు.

4. కౌటిల్యుని అక్షశాల, న్యూయార్క్ చిత్రకారుల భవనం

శిల్పుల పనిచోటును ఒక కట్టడంగా వర్ణించిన ప్రాచీన గ్రంథం అర్థశాస్త్రం. రెండవ అధికరణంలోని సువర్ణాధ్యక్ష ప్రకరణం ప్రకారం అక్షశాల నాలుగు శాలల భవనం. అందులోని ఆవేశనాలకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండరాదు. భవనం మొత్తానికి ద్వారం ఒక్కటే. అనుమతి లేనివారు లోపలికి రారాదు. పనివారి బట్టలనూ చేతులనూ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సోదా చేయాలి. పనిముట్లూ సగం పూర్తయిన వస్తువులూ అక్కడే ఉండిపోవాలి. విలువైన లోహం చేతులు మారకుండా చూడటమే ఈ భవన ప్రణాళిక ఉద్దేశం.

దీనిని న్యూయార్క్‌లోని టెన్త్ స్ట్రీట్ స్టూడియో భవనంతో పోల్చి చూడవచ్చు. రిచర్డ్ మోరిస్ హంట్ రూపకల్పనలో 1857లో నిర్మాణం ఆరంభమైన ఆ భవనం చిత్రకారుల పనిగదుల కోసమే కట్టించినది. మధ్యలో గాజు కప్పుతో ఒక ప్రదర్శనశాల, దాని చుట్టూ పనిగదులు ఉండేవి. ఫ్రెడరిక్ చర్చ్ అనే చిత్రకారుడు ఆండీస్ పర్వతాలను చిత్రించిన తన పెద్ద చిత్రాన్ని 1859లో అక్కడే ప్రదర్శించగా, జనం రుసుము చెల్లించి మరీ చూశారు. ఆ భవనాన్ని 1956లో కూల్చివేశారు.

రెండు భవనాలలోనూ వేరువేరు పనిగదులు, వాటన్నిటినీ కలిపే ఒకే ఏర్పాటు ఉన్నాయి. ఏర్పాటు ఒకటే అయినా ప్రయోజనం వేరు. అక్షశాలలో మధ్య స్థానం అధికారి చూపుది. న్యూయార్క్ భవనంలో మధ్య స్థానం కొనుగోలుదారు చూపుది. ఒకటి కళాకారుణ్ణి లోకానికి మూసివేస్తే, మరొకటి లోకానికి తెరిచింది. పనిచోటు నిర్మాణం కళాకారునికీ సమాజానికీ గల సంబంధాన్ని చెబుతుందనడానికి ఈ రెండూ నిదర్శనాలు.

5. విజయపురిలో పనిచోటు: ఒక ప్రతిపాదన

విజయపురి ఆవేశనం ఈ రెండింటిలో ఏ కోవకు చెందినది? నాగార్జునకొండ తవ్వకాలలో ఒక స్వర్ణకారుని పనిచోటు బయటపడింది. మూసలు, గీటురాయి, ఆభరణాల అచ్చులు అక్కడ లభించాయి. స్వర్ణకారుని ఇల్లే అతని శాల, పనిముట్లు చిన్నవి, అవి గోడల మధ్యనే ఉండిపోతాయి. అందువల్ల పురావస్తు శాస్త్రజ్ఞునికి అతని చోటు దొరికింది.

రాతిపని స్వభావం వేరు. పలనాటి సున్నపురాయి పలకలు బరువైనవి. వాటిని గనికీ నిర్మాణస్థలానికీ మధ్య మరొక భవనంలోకి చేర్చి, చెక్కి, మళ్లీ తరలించడం కంటే, నిర్మాణస్థలం పక్కనే పందిరి కింద చెక్కడం సులువు. సిద్ధార్థుని శాసనంలోని మూడు ఊళ్లూ, ఒకే లోయలో ఏకకాలంలో సాగిన అనేక నిర్మాణాలూ ఈ ఊహను బలపరుస్తాయి. ఆవేశనం అక్కడ నాలుగు గోడల భవనం కంటే, ఒక పెద్ద శిల్పి చుట్టూ ఏర్పడి పని ఉన్న చోటికి కదిలే బృందపు నెలవు అయి ఉండవచ్చునని నా ప్రతిపాదన. అక్షశాలకు అధికారి, న్యూయార్క్ భవనానికి కొనుగోలుదారు ఎటువంటివారో, ఈ కదిలే శాలకు నవకర్మిక భిక్షువు అటువంటివాడు. నాగార్జునకొండ మహాచైత్యాన్ని చాంతిసిరి ప్రాపకంలో వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో పూర్తి చేయించిన భదంత ఆనందుడు దీఘ, మజ్ఝిమ నికాయాలను కంఠస్థం చేసినవాడని శాసనం చెబుతుంది. ఆ కథలు తెలిసిన భిక్షువూ, రాయి తెలిసిన శిల్పీ ఒకే పందిరి కింద మాట్లాడుకున్నారనుకుంటే, జాతకకథలు అంత స్పష్టంగా ఫలకాలకు ఎక్కడానికి కారణం కొంత అర్థమవుతుంది.

ఈ ప్రతిపాదనకు ఒక పరిమితి ఉన్నది. రాతిచెక్కుల పోగులు, అసంపూర్ణ ఫలకాలు, పందిరి గుంజల గుంతలు వంటి భౌతిక సాక్ష్యాలే దీనిని నిర్ధారించగలవు. ఆ సాక్ష్యాలను మళ్లీ వెదికే అవకాశం ఆ లోయలో ఇక లేదు.

6. నీటి పాలైనది, నిలిచినది

స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య 1926లో ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేయడంతో నాగార్జునకొండ లోకానికి తెలిసింది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునగకముందే వీలైనంత వెలికితీయాలని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతమైన తవ్వకాలు సాగాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిర్మించారు. శిల్పాలు ద్వీపంలోని ప్రదర్శనశాలకు చేరాయి. ఆ కృషి అసాధారణమైనది.

తరలింపుకు ఎంపిక అనివార్యం. ఎంపికలో నిలిచేవి పూర్తయిన కట్టడం, పూర్తయిన శిల్పం. పనిచోటుకు పూర్తికావడం అనేది ఉండదు. పని ముగిసినప్పుడు అది ఖాళీ నేల. బోధిసిరి శాసనం వదిలిన చోటునే నీరు కూడా తీసుకుపోయింది. చరిత్రలో ఒకే వస్తువు రెండుసార్లు లెక్కకు రాకుండా పోవడం యాదృచ్ఛికం కాదు. పుణ్యం లెక్కించినవారూ, వారసత్వం లెక్కించినవారూ ఫలితాన్నే చూశారు.

మన నేటి పదజాలం కూడా ఈ అలవాటునే చూపుతుంది. 'కళాశాల' చదువు చెప్పే చోటయింది. 'చిత్రశాల' అంటే పూర్తయిన చిత్రాలను చూసే చోటుగానే స్ఫురిస్తుంది. 'స్టూడియో' అంటే నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఫోటోలు తీసే దుకాణం. కళాకారుడు పనిచేసే చోటుకు మన వాడుకలో స్థిరమైన మాట లేదు. మాట లేనిదానిని కాపాడాలనే ఆలోచన కలగడం కష్టం.

7. దుర్గి: పరిశోధకుల ముందున్న పని

పలనాటిలో రాతిపని గతించినది కాదు. మాచర్ల సమీపంలోని దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వస్తువుకు, ఊరి పేరుకు రక్షణ ఇస్తుంది. పనిచోటును నమోదు చేయదు. ఆ నమోదు విశ్వవిద్యాలయాలూ కళాశాలలూ చేయవలసిన పని. దానికి పెద్ద నిధులు అవసరం లేదు.

క్షేత్రపరిశోధకుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: రాయి ఎక్కడ దించుతారు? పెద్ద శిల్పి ఏ దిక్కుకు తిరిగి కూర్చుంటాడు? కొత్తగా చేరినవానికి మొదట ఏ పని అప్పగిస్తారు? ఉలికీ సుత్తికీ, వాటి రకాలకూ వారి వాడుకలో ఉన్న పేర్లేమిటి? విరిగిన విగ్రహాన్ని ఏం చేస్తారు? ఆడవారు ఏ పనులు చేస్తారు? కొనుగోలుదారు ఎంతవరకు లోపలికి వస్తాడు? యంత్రం వచ్చాక కూర్చునే తీరు ఎలా మారింది? ఈ సమాచారం తెలుగు వృత్తిపదకోశానికి ఎంత అవసరమో, విజయపురి ఆవేశనాన్ని అర్థం చేసుకోవడానికీ అంతే అవసరం. మునిగిన లోయలో అడగలేని ప్రశ్నలను కళ్లెదుట ఉన్న పందిరిలో అడగవచ్చు. అయితే పదిహేడు శతాబ్దాల ఎడమును మరచి, నేటి శిల్పులు నాటివారి సూటి వారసులని తీర్మానించడం పొరపాటు. పోలిక ప్రశ్నలను ఇస్తుంది. వంశక్రమాన్ని నిరూపించదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు: 'ఆవేసని' పనిచోటును బట్టి ఏర్పడిన పేరు. ఆ పదాన్ని 'శిల్పి' అని మాత్రమే అనువదిస్తే చోటు కనుమరుగవుతుంది. అక్కసాలె, కమ్మటీడు వంటి తెలుగు మాటలు అదే పదనిర్మాణ ధోరణిని చూపుతున్నాయి. సాంచీ ఆనందుడు, జగ్గయ్యపేట సిద్ధార్థుడు, నాగార్జునకొండ విధికుడు శిల్పి సామాజిక స్థితిలోని మూడు భేదాలకు ప్రతినిధులు. విజయపురిలో రాతిశిల్పుల ఆవేశనం కదిలే బృందపు నెలవు అయి ఉండే అవకాశం ఉంది.

విధికుని పేరు మన పాఠ్యగ్రంథాలలో కనిపించడం అరుదు. బోధిసిరి అతని పేరు చెక్కించడానికి ఒప్పుకున్నది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ శిల్పి పేరు మనకు దక్కేది కాదు. నేడు దుర్గి పందిరిలో పనిచేస్తున్నవారి పేర్లనూ, మాటలనూ, చోటునూ రాసి ఉంచడం ఆ వాక్యానికి మనం చేర్చగల కొనసాగింపు.